గడి ఆగిన చోటే జూమ్ ఆగాలి: పాలమూరు, నల్లగొండలకు వాతావరణ మార్పు మ్యాపు కట్టిన తీరు

ఉమ్మడి మహబూబ్‌నగర్, ఉమ్మడి నల్లగొండ జిల్లాలకు కలిపి ఒకే ఇంటరాక్టివ్ మ్యాపు కట్టడం ఇక్కడి పని. ఫోన్లో తెరిస్తే ముందు ప్రపంచం కనబడాలి. వేళ్లతో దగ్గరికి లాగుతూ పోతే కృష్ణా పరీవాహకం, ఆ తర్వాత మండలం, చివరికి ఊరి చెరువు శిఖం దాకా రావాలి. డిగ్రీ కాలేజీ భూగోళ శాస్త్రం తరగతికీ, మండలంలో చెరువులు, తాగునీళ్ల పని చూసేవాళ్లకూ అదే మ్యాపు పనికిరావాలి. వాడినవన్నీ ఉచితంగా దొరికేవే: లెక్కలకు క్యూజీఐఎస్ అనే మ్యాపు సాఫ్ట్‌వేర్, పైథాన్ ప్రోగ్రామింగ్ భాష, ఉపగ్రహ చిత్రాలకు గూగుల్ ఎర్త్ ఇంజిన్ (వాణిజ్యేతర పనికి ఉచితం), తెర మీద చూపించడానికి లీఫ్‌లెట్ అనే వెబ్ మ్యాపు లైబ్రరీ.

ఇలాంటి పనిలో ఎక్కువ రోజులు పట్టేది ప్రోగ్రాం రాయడానికి కాదు, ఏ పొరను (వాన, చెరువులు లాంటి ఒక్కో రకం సమాచారాన్ని) ఏ జూమ్ దగ్గర ఆపాలో తేల్చడానికి. మ్యాపును ఎంత దగ్గరికి లాగినా అందులోని సమాచారం దగ్గరికి రాదు. నేలను గడులుగా కోసి, వంద కిలోమీటర్ల గడికి ఒక్క అంకె ఇచ్చిన పొరను ఊరి మీదికి లాగితే, ఆ అంకె ఆ ఊరిదే అనిపిస్తుంది. చూసేవాళ్లు నమ్ముతారు కూడా, ఎందుకంటే తెర మీద వాళ్ల ఊరి పేరు, దాని కింద రంగు కనబడుతున్నాయి. ఈ ఒక్క పొరపాటును ఆపకపోతే మిగతా పనంతా వృథా.

గడి లెక్క

ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పు నిపుణుల సంఘం ఐపీసీసీ 2021 ఆగస్టులో ఆరో నివేదికతో పాటు విడుదల చేసిన ఇంటరాక్టివ్ అట్లాస్‌లో ప్రపంచ వాతావరణ నమూనాల ఫలితాలు ఒక డిగ్రీ గడుల్లో ఉంటాయి. మన అక్షాంశం దగ్గర ఒక డిగ్రీ గడి అంటే దాదాపు 11,800 చదరపు కిలోమీటర్లు. ఉమ్మడి మహబూబ్‌నగర్ విస్తీర్ణం 18,432 చదరపు కిలోమీటర్లు. అంటే జిల్లా మొత్తానికి గడిన్నర. మక్తల్‌కూ అచ్చంపేటకూ తేడా చెప్పే శక్తి ఆ పొరకు లేదు.

భారత వాతావరణ శాఖ వాన డేటా పావు డిగ్రీ గడుల్లో ఉంటుంది. ఒక్కో గడి సుమారు 738 చదరపు కిలోమీటర్లు కాబట్టి ఉమ్మడి మహబూబ్‌నగర్‌కు 25 గడులు వస్తాయి. విభజనకు ముందు ఆ జిల్లాలో 64 మండలాలుండేవి. 25 అంకెలను 64 మండలాలకు పంచి రంగులు పూస్తే సగానికి పైగా రంగులు పక్క మండలం నుంచి అరువు తెచ్చుకున్నవే అవుతాయి.

అందుకని ఒక నియమం పెట్టుకోవాలి: డేటా గడి తెర మీద వంద పిక్సెళ్లకు మించి పెద్దది కాకూడదు. ఫోను బ్రౌజరు లెక్కలో తెర వెడల్పు 360 పిక్సెళ్ల చుట్టూ ఉంటుంది కాబట్టి అప్పుడు అడ్డంగా కనీసం మూడు గడులు కనబడతాయి, పక్కదానితో పోల్చుకోవడానికి వీలుంటుంది. జూమ్ అంకె ఒకటి పెరిగితే దృశ్యం రెండింతలు దగ్గరవుతుంది. మన అక్షాంశంలో జూమ్ 7 దగ్గర ఒక పిక్సెల్ 1.17 కిలోమీటర్లు, జూమ్ 9 దగ్గర 293 మీటర్లు. లెక్క కడితే ఐపీసీసీ పొర 7 దగ్గర, వాన పొర 9 దగ్గర ఆగిపోవాలి. ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల నుంచి వచ్చే 30 మీటర్ల నీటి పొర 14 దాకా వెళ్లొచ్చు.

లీఫ్‌లెట్‌లో ఇది ఒక్క మాటతో అయిపోతుంది, కానీ ఆ మాట సరైనది కావాలి. పొరకు మ్యాక్స్‌జూమ్ పెడితే ఆ స్థాయి దాటగానే పొర మాయమవుతుంది. మ్యాక్స్‌నేటివ్‌జూమ్ పెడితే పాత చిత్రాన్నే సాగదీసి చూపిస్తుంది. మనకు కావలసింది మొదటిది. పొర పోయిన చోట తెల్లగా వదిలెయ్యకుండా “ఇంతకంటే దగ్గరికి ఈ సమాచారం లేదు” అని ఒక పట్టీ చూపించాలి. లేకపోతే నెట్ ఆగిపోయిందనుకుని మూసేస్తారు.

సరిహద్దులు, కొలతలు

2016 అక్టోబరు 11న జిల్లాలు మారాయి. ఉమ్మడి మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగుళాంబ గద్వాల వచ్చాయి, 2019 ఫిబ్రవరి 17న నారాయణపేట వచ్చింది. షాద్‌నగర్, ఆమనగల్లు వైపు రంగారెడ్డిలోకి, కొడంగల్ వికారాబాద్‌లోకి పోయాయి. నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి విడిపోయాయి. జనాభా లెక్కలు మాత్రం 2011 నాటివి, పాత సరిహద్దులకు రాసినవి. 2021లో జరగాల్సిన జనగణన అప్పుడు జరగలేదు. కాబట్టి జనాభా పొరను ఊరి స్థాయి నుంచి మొదలుపెట్టి కొత్త మండలాలకు కూడుకోవాలి, పాత మండలం అంకెను కొత్త మండలానికి అంటించకూడదు. కలిపేటప్పుడు పేరుతో కలపొద్దు. దేవరకద్ర, మక్తల్ లాంటి పేర్లకు ఇంగ్లిషు స్పెల్లింగులు ఒక్కో ఫైలులో ఒక్కో రకంగా ఉంటాయి. గ్రామ కోడ్‌తోనే కలపాలి.

తర్వాత ప్రొజెక్షన్, అంటే గుండ్రటి భూమిని చదునుగా పరిచే లెక్క. యూటీఎం పద్ధతి భూమిని ఆరేసి డిగ్రీల నిలువు పట్టీలుగా (జోన్లుగా) కోస్తుంది. అందులో 43, 44 జోన్ల మధ్య గీత 78 డిగ్రీల రేఖాంశం. అది మహబూబ్‌నగర్ పట్టణం పక్క నుంచే పోతుంది. నారాయణపేట, గద్వాల 43లో పడతాయి, వనపర్తి, నాగర్‌కర్నూల్, నల్లగొండ 44లో పడతాయి. రెండు ముక్కలుగా చేస్తే గీత మీద ఉన్న చెరువులు రెండుసార్లు లెక్కలోకి వస్తాయి, లేదా అసలే రావు. మొత్తాన్ని 44వ జోన్ ప్రొజెక్షన్ కోడ్ అయిన ఈపీఎస్‌జీ 32644లోనే పెట్టడం మంచిది. పడమటి కొసన వెయ్యి మీటర్లకు మీటరున్నర తేడా వస్తుంది, చెరువు విస్తీర్ణానికి అది లెక్కలోకి రాదు.

వెబ్ మ్యాపులు వాడే మెర్కేటర్ ప్రొజెక్షన్‌లో నేరుగా విస్తీర్ణం కొలిస్తే మాత్రం మన దగ్గర దాదాపు 9 శాతం ఎక్కువ చూపిస్తుంది. వంద ఎకరాల చెరువు నూట తొమ్మిది ఎకరాలవుతుంది. ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి మట్టం) హద్దుల మీద తగాదాలు నడిచే చోట తొమ్మిది ఎకరాలు చిన్న మాట కాదు. కొలతలన్నీ 32644లో చేసి, అంకెను పట్టికలో రాసుకుని, ఆ తర్వాతే వెబ్‌కు మార్చాలి.

వెబ్ మ్యాపుకు హద్దులు, చుక్కలు ఇచ్చే జియోజేసన్ ఫైలులో ముందు రేఖాంశం, తర్వాత అక్షాంశం రాయాలి. తారుమారైతే నల్లగొండ (17.05, 79.27) పోయి ఉత్తర ధ్రువం దగ్గరి స్వాల్‌బార్డ్ దీవుల్లో పడుతుంది. ఊళ్లు మ్యాపులో కనబడకపోతే ముందు అక్కడ వెతకాలి.

వాన పొర

వాతావరణ శాఖ పావు డిగ్రీ వాన ఫైళ్లు 1901 నుంచి ఉన్నాయి, ఏడాదికొకటి. అడ్డంగా 135, నిలువుగా 129 బిందువులు, ఒక్కో విలువకు 4 బైట్లు. మామూలు ఏడాది ఫైలు సరిగ్గా 2,54,25,900 బైట్లు, లీపు ఏడాదిది 2,54,95,560 బైట్లు ఉండాలి. ఒక్క బైటు తక్కువున్నా డౌన్‌లోడ్ మధ్యలో తెగిందని అర్థం, మళ్లీ దింపుకోవాలి. విలువ లేని చోట −999 ఉంటుంది. దాన్ని తీసేయకుండా సగటు కడితే సముద్రం ఒడ్డున వాన రుణాత్మకంగా వస్తుంది. అది వెంటనే కంటికి తగులుతుంది కాబట్టి ప్రమాదం తక్కువ.

కంటికి తగలని తప్పు వేరే ఉంది. ఫైలులో వరుసలు దక్షిణం నుంచి ఉత్తరానికి, 6.5 డిగ్రీల నుంచి 38.5 దాకా ఉంటాయి. చిత్రాల ప్రోగ్రాంలు పై నుంచి కిందికి చదువుతాయి. తలకిందులైతే 16.5 అక్షాంశం 28.5 అవుతుంది. పాలమూరు వాన అనుకుని ఢిల్లీ దగ్గరి వాన చూస్తుంటాం. రెండు చోట్లా ఏడాది మొత్తం మరీ తేడాగా ఉండదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. అక్టోబరు నెల ఒక్కటే వేసి చూస్తే తప్పు బయటపడుతుంది: పాలమూరులో అక్టోబరులో వాన ఉంటుంది, ఢిల్లీలో పెద్దగా ఉండదు.

తేదీ కూడా చూసుకోవాలి. వాతావరణ శాఖ రోజు ఉదయం 8:30కు ముగుస్తుంది. 2020 అక్టోబరు 13 సాయంత్రం హైదరాబాదు, భువనగిరి వైపు పడ్డ కుంభవృష్టి ఆ ఫైలులో 14వ తేదీ కింద ఉంటుంది. ఉపగ్రహ వాన డేటా అంతర్జాతీయ సమయం ప్రకారం రోజును విడగొడుతుంది. రెండింటినీ ఒకే తేదీ మీటకు కట్టేస్తే ఒకే వాన రెండు రోజులు పడ్డట్టు చూపిస్తుంది.

ఏడాది మొత్తం వాన మీద మొదటి పొర కట్టాలని అందరికీ అనిపిస్తుంది. ఇక్కడి సేద్యానికి అది చెప్పేది తక్కువ. పత్తి, కంది విత్తిన తర్వాత పదిహేను రోజులు చినుకు లేకపోవడమే చెలక రైతును ముంచేది. ఒక రోజులో 2.5 మిల్లీమీటర్లు దాటితే వాన రోజుగా లెక్క. జూన్, సెప్టెంబరుల మధ్య వాన రోజుల సంఖ్య, వరుసగా వాన లేని రోజుల్లో అతి పొడవైన ఎడం, 64.5 మిల్లీమీటర్లు దాటిన భారీ వాన రోజులు: ఈ మూడూ వేరే వేరే పొరలుగా ఉండాలి. భారీ వాన పొర కింద ఒక హెచ్చరిక తప్పదు. గడి విలువ అనేది చుట్టుపక్కల వర్షమాపకాల నుంచి సర్దిన అంకె, ఒక్క ఊరి మీద కుమ్మరించిన వాన అందులో పలచబడిపోతుంది. పైగా ఈ డేటా వెనక ఉన్న 6,955 వర్షమాపకాలు అన్ని ఏళ్లూ పనిచేసినవి కావు. ఒక గడిలో వాన పెరిగిందో తగ్గిందో చెప్పేముందు పక్క నాలుగు గడులూ అదే మాట చెబుతున్నాయా అని చూడాలి.

బొత్తం నొక్కితే వచ్చే పెట్టెలో మిల్లీమీటర్లతో పాటు “ఎకరం మీద ఒక మిల్లీమీటరు అంటే 4,047 లీటర్లు” అని కూడా రాయాలి. అంకెకు అప్పుడు బరువు వస్తుంది.

చెరువుల పొర

ఈ మ్యాపుకు ప్రాణం ఇదే, తప్పులు ఎక్కువ జరిగేదీ ఇక్కడే.

రెండు వనరులున్నాయి. ల్యాండ్‌శాట్ చిత్రాల నుంచి కట్టిన ప్రపంచ ఉపరితల జలాల డేటా 1984 నుంచి 2021 దాకా ఉంటుంది, ఒక్కో పిక్సెల్ 30 మీటర్లు, అంటే సుమారు తొమ్మిది గుంటలు. సెంటినెల్‌-2 ఉపగ్రహ చిత్రాల్లో పది మీటర్ల పిక్సెల్ దాదాపు సరిగ్గా ఒక గుంట. చిన్న కుంటలకు రెండోదే దిక్కు.

మొదటిదానిలో “మార్పు” పొర తెరిస్తే పాలమూరులో చాలా చోట్ల నీళ్లు పెరిగిన రంగు కనబడుతుంది. దాన్ని చూసి వానలు బాగుపడ్డాయని రాస్తే తప్పు. ఆ పొర 1984 నుంచి 1999 దాకా ఒక ముక్క, 2000 నుంచి 2021 దాకా ఒక ముక్కగా పోలుస్తుంది. రెండో ముక్కలో కల్వకుర్తి, భీమా, నెట్టెంపాడు ఎత్తిపోతల నీళ్లు చెరువుల్లోకి వచ్చాయి, 2015 నుంచి మిషన్ కాకతీయ పనులు జరిగాయి. మొదటి ముక్కలో ఈ ప్రాంతానికి దొరికే చిత్రాలే తక్కువ. నీళ్లు కరెంటు మోటార్లతో వచ్చాయా, మబ్బు నుంచి వచ్చాయా అన్నది ఉపగ్రహానికి తెలియదు. అందుకని ప్రతి చెరువుకూ పట్టికలో “నీటి మూలం” అని ఒక కాలమ్ పెట్టి, వాన మాత్రమే, గొలుసుకట్టులో పై చెరువు మత్తడి నీళ్లు, కాలువ, ఎత్తిపోతల అని నాలుగు రకాలు రాయాలి. వాతావరణం గురించి మాట్లాడేటప్పుడు మొదటి రెండు రకాల చెరువులనే లెక్కలోకి తీసుకోవాలి. ఈ వడపోత పెట్టగానే మ్యాపు చెప్పే కథ మారిపోతుంది.

ఎండిన చెరువు విషయంలోనూ అంతే. వనపర్తి జిల్లా మదనాపురం మండలంలోని సరళాసాగర్ కట్ట 2019 డిసెంబరు 31న తెగింది. 2019 నవంబరు చిత్రం, 2020 జనవరి చిత్రం పక్కపక్కన పెడితే జలాశయం ఖాళీ. కారణం తెలియని విద్యార్థి దాన్ని కరువు కింద రాస్తాడు. హఠాత్తుగా ఖాళీ అయిన ప్రతి చెరువుకూ కట్ట తెగిందా, తూము తెరిచారా, మరమ్మతు కోసం వదిలారా అని అక్కడివాళ్లను అడిగి తెలుసుకునేదాకా రంగు వేయకూడదు.

సెంటినెల్ నుంచి నీళ్లను వేరుచేయడానికి ఆకుపచ్చ బ్యాండు 3, షార్ట్‌వేవ్ ఇన్‌ఫ్రారెడ్ బ్యాండు 11 తీసుకుని, మొదటిదాంట్లోంచి రెండోది తీసేసి, వచ్చినదాన్ని రెండింటి మొత్తంతో భాగించాలి. బ్యాండు అంటే ఉపగ్రహం విడిగా కొలిచే ఒక్కో కాంతి రకం. సున్నా దాటితే నీళ్లు అని మొదలుపెట్టి, బురద నీళ్ల కుంటల మీద సరిచూసుకుని హద్దు కాస్త జరపాలి. బ్యాండు 11 పిక్సెల్ 20 మీటర్లు కాబట్టి ఫలితం పది మీటర్లలో కనబడినా అంచు దగ్గర అసలు పట్టు నాలుగు గుంటలే. రెండెకరాల కంటే చిన్న కుంటకు విస్తీర్ణం రాయకుండా “నీళ్లున్నాయి, లేవు” అని మాత్రమే చూపించడం నిజాయితీ.

నెల ఎంపిక చాలా ముఖ్యం. ఆగస్టులో మబ్బులు. అదీగాక మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు సాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో నాట్ల పొలాలు నీళ్లతో నిండి ఉంటాయి, మొత్తం ఒక పెద్ద చెరువులా పడుతుంది. జనవరిలో యాసంగి నాట్లతో మళ్లీ అదే బాధ. నవంబరులో ఆకాశం తేటగా ఉంటుంది, వరి కోతకు వచ్చి ఉంటుంది, చెరువులు నిండుగా ఉంటాయి. ఒక్క చిత్రమే తీసుకునేట్టయితే నవంబరుదే తీసుకోవాలి. దానికి జోడీగా ఏప్రిల్ చిత్రం. ఆ రెండింటి తేడాయే ఆ చెరువు వేసవికి ఎన్ని నీళ్లు మిగుల్చుతుందో చెప్పేది. నవంబరులో ఎండ ఏటవాలుగా పడి గుట్టల నీడలు నీళ్లలా కనబడతాయి. చెరువు హద్దుల గీత చుట్టూ 30 మీటర్లు వదిలి మిగతాదంతా కత్తిరించేస్తే నీడలూ పోతాయి, పొలాలూ పోతాయి.

ఇంత చేసినా రెండు సంగతులు ఉపగ్రహానికి అందవు. గుర్రపుడెక్క కమ్మిన చెరువు పచ్చిక బయలులా పడుతుంది. పూడిక తీసిన చెరువులో నీళ్లు పెరుగుతాయి, విస్తీర్ణం పెరగదు. కాబట్టి ఎకరాలను చూపించి ఇన్ని నీళ్లు అని ఎక్కడా రాయకూడదు.

ఫ్లోరైడ్, వేడి

మర్రిగూడ, చండూరు, మునుగోడు, నారాయణపూర్ వైపు ఫ్లోరైడ్ గురించి ఉమ్మడి నల్లగొండలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. మ్యాపు కట్టేవాళ్లకు చెప్పాల్సింది ఒకటుంది: దీన్ని నునుపైన రంగుల మబ్బులా పూయకూడదు. క్యూజీఐఎస్‌లో ఒక బొత్తం నొక్కితే పది బోర్ల అంకెల మధ్య ఖాళీని అదే నింపేస్తుంది. కానీ ఇక్కడ నేల కింద గ్రానైటు. నీళ్లు పగుళ్లలో ఉంటాయి. వందల అడుగుల దూరంలో ఉన్న రెండు బోర్లు రెండు వేర్వేరు పగుళ్ల నుంచి తోడుతుంటే వాటి ఫ్లోరైడ్ కలవాలని లేదు. నింపిన రంగును నమ్మి ఎవరైనా బోరు వేసుకుని ఆ నీళ్లు పిల్లలకు తాగిస్తే, ఆ తప్పు మ్యాపుదే. చుక్కలే పెట్టాలి. ప్రతి చుక్కకు బోరు లోతు, నమూనా తీసిన నెల, శుద్ధి చేసిన నీళ్లా కాదా అన్నవి ఉండాలి. రంగు మెట్లు తాగునీటి ప్రమాణాన్ని బట్టి: లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు, 1 నుంచి 1.5, 1.5 నుంచి 3, ఆ పైన. సాఫ్ట్‌వేర్ తనంత తాను వేసే సమాన వాటాల మెట్లు పెడితే 1.5 గీత మధ్యలో ఎక్కడో కలిసిపోతుంది, మనిషికి కావలసిన సమాధానం పోతుంది. నల్లా ద్వారా వచ్చే కృష్ణా నీళ్ల చుక్కలను వేరే ఆకారంలో చూపించాలి, బోరు చుక్కలతో కలిపి సగటు తీయకూడదు. ఫ్లోరోసిస్ ఉన్న మనుషుల ఇళ్లను మ్యాపులో గుర్తించడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

వేడి పొర గురించి ఒక్క జాగ్రత్త చాలు. ఉపగ్రహం కొలిచేది నేల ఉపరితల వేడి. మే నెలలో ఎండు నల్లరేగడి మీదా బోడ బండల మీదా అది గాలి ఉష్ణోగ్రత కంటే చాలా ఎక్కువ వస్తుంది. దాన్ని “ఉష్ణోగ్రత” అని రాస్తే పత్రికల్లో వచ్చే అంకెతో పోల్చి గాభరా పడతారు. పొర పేరే “నేల వేడి” అని ఉండాలి.

ప్రపంచం పొర, పాలమూరు మనిషి

ప్రపంచ స్థాయిలో మెర్కేటర్ వాడకూడదు. అందులో గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనబడుతుంది, నిజానికి ఆఫ్రికా దానికి 14 రెట్లు. ఈక్వల్ ఎర్త్ ప్రొజెక్షన్, ఈపీఎస్‌జీ 8857, దేశాల విస్తీర్ణాన్ని నిజంగా చూపిస్తుంది. లీఫ్‌లెట్ దీన్ని నేరుగా తీసుకోదు కాబట్టి మొదటి తెరను స్థిరమైన చిత్రంగా పెట్టి, దక్షిణ భారతం మీద నొక్కితే అసలు మ్యాపులోకి తీసుకెళ్లడం తేలిక.

ఆ మొదటి తెర మీద దేశాల మొత్తం కార్బన్ డయాక్సైడ్ పూస్తే చైనా, అమెరికా తర్వాత ముదురు రంగు మనదే. తలసరి పూస్తే మనం లేతబడిపోతాం: మన దగ్గర మనిషికి ఏడాదికి సుమారు 2 టన్నులు, అమెరికాలో 14 టన్నుల చుట్టూ. ఒకటి చూపించి రెండోది దాచడం న్యాయం కాదు. రెండింటికీ మధ్య జరుపుకునే మీట పెట్టాలి, తెరవగానే కనబడేది తలసరి అయి ఉండాలి. ఉష్ణోగ్రత పెరుగుదలకు ఏ కాలంతో పోల్చారో పొర పేరులోనే రాయాలి. 2024లో ప్రపంచం 1.55 డిగ్రీలు వేడెక్కిందని ప్రపంచ వాతావరణ సంస్థ చెప్పింది 1850–1900తో పోల్చి. నాసా మ్యాపు మామూలుగా 1951–1980తో పోలుస్తుంది. రెండూ ఒకే తెర మీద పెడితే ఏదో ఒకటి అబద్ధమనిపిస్తుంది.

పాలమూరు లేబర్ ముంబైకి, పుణేకు, మేస్త్రీల వెంట ఇంకా దూరాలకు వెళ్లిన చరిత్ర ఈ మ్యాపులో లేకపోతే ముందు ప్రపంచాన్ని చూపించడానికి అర్థం లేదు. వలసను గీతలుగా చూపించాలి, ఊరి నుంచి కాదు, జిల్లా నుంచి. చిన్న తండా నుంచి గీత గీస్తే ఏ కుటుంబమో తెలిసిపోతుంది. గీత రెండో కొసన ముంబై దగ్గర వరద, సముద్ర మట్టం పొర పెట్టాలి. అప్పుడు ఒకే కుటుంబం ఇంటి దగ్గర ఎండిన చెరువు పక్కన, పని దగ్గర నీళ్లు నిలిచే బస్తీలో ఉందని తెర మీద తెలుస్తుంది. ముంబై ఎత్తులకు మామూలు ఉపగ్రహ ఎత్తు డేటా వాడితే భవనాల పైకప్పులను నేలగా తీసుకుని ముప్పును తక్కువ చూపిస్తుంది. భవనాల ఎత్తు సరిచేసిన డేటానే వాడాలి.

ఫోన్లోకి

షేప్‌ఫైల్ అనే పాత రకం మ్యాపు ఫైలులో తెలుగు పెట్టకండి. కాలమ్ పేరుకు పది అక్షరాలు, విలువకు 254 బైట్లు పరిమితి. తెలుగులో ఒక్కో గుర్తుకు మూడు బైట్లు పోతాయి, ఒత్తులు, గుణింతాలతో సహా. జియోప్యాకేజ్ అనే కొత్త రకం ఫైలులో ఈ బాధ లేదు. వెక్టర్ టైల్స్ (చిత్రాలుగా కాక గీతలు, పేర్లుగా వచ్చే మ్యాపు ముక్కలు) వాడే కొన్ని మ్యాపు లైబ్రరీల్లో ఒత్తులు విడిపోతాయి, అచ్చంపేటను చదవలేం. లీఫ్‌లెట్ పేర్లను బ్రౌజరే రాస్తుంది కాబట్టి తెలుగు చక్కగా వస్తుంది. ఎంపికకు ఈ కారణం ఒక్కటే చాలు.

జియోజేసన్‌లో దశాంశం తర్వాత ఐదు అంకెలు చాలు, అది దాదాపు మీటరు. మిగతావి కోసేసి గీతలు సరళం చేస్తే మెగాబైట్లు తగ్గుతాయి. మొదటి తెర 2 మెగాబైట్లు దాటితే నల్లమల అంచు ఊళ్లలో తెరుచుకోవడం కష్టం. ఎరుపు, ఆకుపచ్చ జోడీ వద్దు, ఆ రెండింటికీ తేడా తెలియని కళ్లు చాలానే ఉంటాయి. గోధుమ నుంచి నీలం మంచిది. 2011 జనగణనలో ఉమ్మడి మహబూబ్‌నగర్ అక్షరాస్యత 55.04 శాతం. అందుకే ప్రతి పెట్టెలో రాతతో పాటు చదివి వినిపించే బొత్తం ఉండాలి, అంకెలు ఎకరాల్లో, గుంటల్లో ఉండాలి.

ఏటా చేయాల్సిన పని: జూన్ మొదటి వారంలో ఏప్రిల్ చిత్రం చేర్చడం, డిసెంబరులో నవంబరు చిత్రం చేర్చడం, ఖాళీ అయిన చెరువుల జాబితాను ఊళ్లకు పంపి కారణం రాయించుకోవడం, కొత్త మండలం ఏర్పడితే కోడ్‌ల పట్టిక మార్చి పాత పట్టికను తేదీతో దాచడం. కారణం ఇంకా రాని చెరువు బూడిద రంగులోనే ఉంటుంది.